బట్టల బీరువా సర్దడం: కొలత నుంచి మడత దాకా

"ఏ డబ్బాలు కొనాలి, ఎన్ని కొనాలి?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. డబ్బాలు చివర్లో కొనాలి. కొలత తీయకుండా కొన్న డబ్బా అరలో పట్టదు, పట్టినా తలుపు మూసుకోదు, ఆఖరికి అటకెక్కుతుంది. అందుకే కింద చెప్పిన వరసలో దాని మాట పదో మెట్టు దగ్గర గానీ రాదు.

ఇక్కడ చెప్పేది మన ఇళ్ళలో మామూలుగా ఉండే ఏర్పాటు గురించి. పడకగదిలో 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు చెక్క వార్డ్‌రోబ్, దాని మీద అటక, పక్కన ఒక ఇనప బీరువా. వాడేది భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ. మీ ఇంట్లో మనుషులు తక్కువైనా ఎక్కువైనా పని చేయాల్సిన వరస మాత్రం మారదు.

1. రోజు చూసుకోవడం, సామాను దగ్గర పెట్టుకోవడం

వాన పడుతున్న రోజు పట్టు చీరలు బయటికి తీయకండి. గాలిలో ఉన్న చెమ్మ మడతల్లోకి చేరి, తలుపు మూశాక అక్కడే ఉండిపోతుంది. కోస్తా జిల్లాల్లో సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా మంచి సమయం. తెలంగాణ, రాయలసీమల్లో పొడిగాలి ఎక్కువ కాబట్టి ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది.

ఇల్లంతా ఒక్క రోజులో అయిపోవాలని కూర్చుంటే సాయంత్రానికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒక మనిషి బట్టలకు ఒక పూట చొప్పున లెక్కేసుకోండి. చీరలు 80 దాటితే వాటికే ఒక రోజు పూర్తిగా కేటాయించండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- కొలత టేపు, నోటుబుక్కు, పెన్ను
- మంచం మీద, నేల మీద పరవడానికి ఉతికిన పాత దుప్పట్లు రెండు
- పొడి గుడ్డలు మూడు, మెత్తని బ్రష్ ఒకటి
- పెద్ద సంచులు నాలుగు
- చీటీలు రాయడానికి కాగితాలు, గుండుసూదులకు బదులు బట్టల క్లిప్పులు

గుండుసూది తుప్పు పడుతుంది. తుప్పు మరక పట్టు మీద పడితే ఇక పోదు. అందుకే దాన్ని ఈ పని మొత్తంలో ఎక్కడా వాడొద్దు.

2. ఒక అర ముగించాకే ఇంకో అర

బీరువా మొత్తం ఒకేసారి మంచం మీద గుమ్మరించడం చాలామంది చేసే మొదటి తప్పు. రాత్రి పది గంటలకు పడుకోవడానికి చోటు ఉండదు. దాంతో అన్నీ చేతికొచ్చినట్టు మళ్ళీ లోపలికి కుక్కేస్తారు.

ఒక అర తీయండి. అందులోవన్నీ కుప్పలుగా వేరు చేయండి. అప్పుడే రెండో అర తెరవండి. మధ్యలో పని ఆగినా, ఆ రోజుకు అయిన మేరకు అయినట్టే ఉంటుంది.

3. ఏడు కుప్పలు

ప్రతి బట్టనూ చేతిలోకి తీసుకుని ఈ ఏడింటిలో ఒకదాంట్లో వేయండి. "తర్వాత చూద్దాం" అనే ఎనిమిదో కుప్ప పెట్టారంటే సగం బట్టలు అందులోకే చేరతాయి.

- రోజువారీ: వారంలో ఒకసారైనా ఒంటి మీదకు వచ్చేవి
- బయటికి: ఆఫీసు, గుడి, చిన్న ఫంక్షన్లు
- పండగా పెళ్ళీ: పట్టు చీరలు, షేర్వానీ, పట్టు పంచె, మగ్గం వర్క్ జాకెట్లు
- కాలాన్ని బట్టి: స్వెట్టర్లు, శాలువాలు, రెయిన్‌కోట్లు
- బాగుచేయాల్సినవి: ఫాల్ ఊడిన చీర, హుక్కు లేని జాకెట్, జిప్పు పోయిన ప్యాంటు
- పెట్టుబడి బట్టలు: మనం కట్టుకోవడానికి కాక, శుభకార్యాల్లో ఇతరులకు పెట్టడానికి ఉంచినవి
- ఇంట్లోంచి వెళ్ళేవి

చివరి కుప్పలో ఏది వేయాలో తేల్చుకోలేనప్పుడు ఒక్కటే అడుగుతాను: పోయిన ఉగాది నుంచి ఇప్పటిదాకా దీన్ని కట్టానా? పండగ బట్టలకైతే రెండేళ్ళ గడువు ఇవ్వొచ్చు. కట్టకపోవడానికి కారణం కూడా చూడండి. చాలా పట్టు చీరలు బీరువాలో పడి ఉండడానికి చీర కారణం కాదు, జాకెట్ పట్టకపోవడమే. జాకెట్ లోపలి వైపు తిప్పి చూస్తే పక్కల కుట్ల దగ్గర టైలర్లు అంగుళం దాకా గుడ్డ వదిలి ఉంటారు. ఆ కుట్లు విప్పిస్తే చీర మళ్ళీ వాడుకలోకి వస్తుంది. అలాంటివి వెళ్ళే కుప్పలోకి కాదు, బాగుచేసే కుప్పలోకి పోవాలి.

అమ్మవో, అత్తగారివో, ఇప్పుడు లేని మనుషులవో చీరలు ఉంటే ఈ రోజు వాటి గురించి ఏమీ తేల్చకండి. ఒక పాత పంచెలో చుట్టి విడిగా పెట్టండి. మనసు బరువెక్కితే మిగతా పని ఆగిపోతుంది.

వెళ్ళే కుప్పను ఆ రాత్రే గడప దాటించండి. బాగున్నవి వాడుకునేవాళ్ళకు ఉతికి ఇవ్వండి. మెత్తబడిన నూలు చీరలు బొంతకో, పుట్టబోయే బిడ్డ పొత్తిళ్ళకో పనికొస్తాయి. చిరిగిన అసలు జరీ చీరల్ని స్టీలు సామాన్లకు మార్చేయకండి. అసలు జరీలో వెండి ఉంటుంది. పాత జరీ కొనేవాళ్ళు ఇద్దరి దగ్గర ధర అడిగాకే ఇవ్వండి.

4. ఖాళీ బీరువాను పరీక్షించడం

తుడవడం అందరూ చేస్తారు. చెమ్మ ఉందో లేదో చూసేవాళ్ళు తక్కువ. ఈ మెట్టు దాటేయడం వల్లనే నా పెళ్ళి నాటి ధర్మవరం చీర పాడైంది. కొట్టులో ఇచ్చిన ప్లాస్టిక్ కవరు తీయకుండా అలాగే అరలో పెట్టాను. ఆ అర వెనక ఉన్నది బాత్రూం గోడ. రెండు వానాకాలాలు గడిచాక చెల్లెలి పెళ్ళికని తీస్తే మడత వెంబడి తెల్లగా బూజు, కొంగు జరీ నల్లగా మారిపోయింది. కొంత బాగైంది గానీ ఆ కొంగు మునుపటిలా మెరవలేదు.

చెమ్మ పరీక్ష ఇలా చేయండి. జానెడు ప్లాస్టిక్ ముక్క తీసుకుని, లోపలి గోడకో వెనక చెక్కకో నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. ప్లాస్టిక్ వెనక వైపు నీటి చెమ్మ కనిపిస్తే అది గోడ లోంచి వస్తోందని అర్థం. ముందు ఆ గోడ సంగతి చూడాలి. అంతవరకూ ఆ అరలో పట్టు, మగ్గం వర్క్ పెట్టొద్దు. బకెట్లు, బ్యాగులు, చెప్పుల పెట్టెల్లాంటివి పెట్టుకోండి.

చెమ్మ లేకపోతే:

- మూలలు, సొరుగుల అడుగు, తలుపు బందుల వెనక ముందు పొడి బ్రష్‌తో దులపండి
- కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి
- తలుపులు తెరిచి, ఫ్యాను వేసి కనీసం ఆరు గంటలు ఆరనివ్వండి
- చెక్కలో పిండిలాంటి పొడి, మట్టి గీతలు కనిపిస్తే చెదలో, చెక్క పురుగో ఉన్నట్టే. మందు కొట్టించకుండా బట్టలు పెట్టకండి
- ఇనప బీరువాకు లోపల పెయింటు లేచిన చోట తుప్పు గీకి, పెయింటు వేయించండి
- ఇనప బీరువాను గోడకు రెండు మూడు అంగుళాల ఎడంగా జరపండి

అరల్లో న్యూస్‌పేపర్ పరచడం మన అలవాటు. దాని సిరా లేత రంగు బట్టలకు అంటుతుంది, కాగితం చెమ్మ కూడా పీలుస్తుంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డ పరవండి.

5. పురుగుల మందు సంగతి

నూలు బట్టల్లో గంజి ఉంటే వెండి రంగులో జారిపోయే ఆ చిన్న పురుగు, అదే సిల్వర్‌ఫిష్, దానికోసం వస్తుంది. పట్టునూ ఉన్నినీ తినేవి వేరే పురుగులు. వాటిని రప్పించేది చెమట, నూనె మరకలు. కాబట్టి అసలు మందు శుభ్రమే. నెలల తరబడి దాచే నూలు చీరను గంజి పెట్టకుండా ఉతికి దాచండి. కట్టే ముందు గంజి పెట్టుకోవచ్చు.

కలరా ఉండలు వాడేవాళ్ళు గుర్తుంచుకోవాల్సినవి మూడు. బట్టకు నేరుగా తగలకూడదు, చిన్న గుడ్డ మూటలో కట్టి అర మూలన పెట్టాలి. దాని ఆవిరి బరువైనది కాబట్టి కింద కాక పై అరలో పెడితే పని చేస్తుంది. ఇక మూడోది అన్నిటికన్నా ముఖ్యం: పసిపిల్లల బట్టలున్న చోట అసలు వద్దు. జీ6పీడీ లోపం (పుట్టుకతోనే రక్తకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉండడం) ఉన్న బిడ్డలకు ఆ వాసన తగిలిన బట్టల వల్ల రక్తకణాలు దెబ్బతిని ప్రమాదం రావచ్చు. ఆ లోపం బిడ్డకు ఉందో లేదో పరీక్ష చేయిస్తే గానీ తెలియదు. బాలింత ఉన్న ఇంట్లో ఆ ఉండలు లేకుండా ఉండడమే మంచిది.

కలరా ఉండలు, కర్పూరం ఒకే చోట పెట్టకండి. రెండూ కలిస్తే ఎండాకాలపు వేడికే కరిగి జిగటగా మారి మరక పడుతుంది.

వేపాకు పెట్టేవాళ్ళు పూర్తిగా ఎండిన ఆకునే గుడ్డ సంచిలో పెట్టాలి. పచ్చి ఆకు చెమ్మ తెస్తుంది, పసుపుపచ్చ మరక చేస్తుంది. దాని వాసనకు కొన్ని పురుగులు దూరంగా ఉంటాయేమో గానీ, మురికి బట్టను అది కాపాడదు.

6. కొలతలు, కాగితం మీద పటం

ఇప్పుడు టేపు తీయండి. ఒక్కో అర వెడల్పు, లోతు, ఎత్తు మూడూ రాసుకోండి. లోతు కొలిచేటప్పుడు తలుపు మూసి, లోపల నిజంగా మిగిలే జాగానే లెక్కేయండి. జరిపే తలుపులైతే వాటి పట్టాలకే మూడు నాలుగు అంగుళాలు పోతాయి.

మామూలుగా కావాల్సిన ఎత్తులివి:

- చొక్కాలు, టాప్‌లు వేలాడదీయడానికి: రాడ్డు నుంచి కిందికి 40 అంగుళాలు
- పొడుగు కుర్తాలు, అనార్కలీలు: 55 నుంచి 60 అంగుళాలు
- హ్యాంగర్‌కు వేసిన చీర: 36 అంగుళాలు ఉంటే చాలు
- మడత చీరల అర: 10 నుంచి 12 అంగుళాలు
- టీషర్టులు, పైజమాలు, లుంగీలు: 9 నుంచి 10 అంగుళాలు
- హ్యాంగర్ అడ్డంగా పట్టడానికి లోతు: కనీసం 22 అంగుళాలు

చీర లెక్క చాలామందికి అనుమానంగా ఉంటుంది. అయిదున్నర మీటర్ల చీరను పొడుగున రెండుసార్లు మడిస్తే దాదాపు నాలుగున్నర అడుగులు వస్తుంది. దాన్ని హ్యాంగర్ మీద సగానికి వేస్తే వేలాడేది 27 అంగుళాలే. అంటే చీరలకు పొడుగు రాడ్డు అక్కర్లేదు. ఆ రాడ్డు కింద ఇంకో అరకు చోటు మిగులుతుంది. చాలా వార్డ్‌రోబుల్లో వృథాగా పోయే జాగా సరిగ్గా అదే.

రాడ్డు మీద ఎన్ని పడతాయో తెలియాలంటే సన్నని హ్యాంగర్ మీది చొక్కాకు ఒక అంగుళం, చీరకు అంగుళంన్నర, షేర్వానీకి మూడు అంగుళాలు లెక్కేయండి. 4 అడుగుల రాడ్డుకు 30 చీరలు మించితే ఒకటి లాగితే రెండు కింద పడతాయి.

నోటుబుక్కులో బీరువా బొమ్మ గీసి, ప్రతి గడిలో పేరు రాయండి. బట్టలు ఇంకా లోపల పెట్టకండి. పటం మీద మార్చడం తేలిక.

7. ఎవరికి ఎంత ఎత్తు

నడుము నుంచి కంటి దాకా, అంటే నేల నుంచి రెండున్నర అడుగులు మొదలు అయిదు అడుగుల దాకా ఉన్న జాగా అన్నిటికన్నా విలువైనది. దాన్ని ఏడాదికి రెండుసార్లు కట్టే పట్టు చీరలకు ఇచ్చి, రోజూ కావాల్సిన బట్టలకోసం వంగడం మన ఇళ్ళలో మామూలే. ఇక్కడ రోజువారీ బట్టలే ఉండాలి.

పెద్దావిడ బట్టలు పూర్తిగా ఈ ఎత్తులోనే ఉండేలా చూడండి. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని కింది సొరుగు కోసం వంగనివ్వకూడదు, పై అర కోసం స్టూలు ఎక్కనివ్వకూడదు. ఆవిడ మడి బట్టలు వేరుగా ఉంచుకునే మనిషైతే వాటికి పూజ గదికి దగ్గరగా ఒక చిలక్కొయ్యో, చిన్న దండెమో కట్టండి. ఇతరుల బట్టలు తగలని చోటు కావాలని ఆవిడను అడిగించుకోవద్దు.

పిల్లలకు కింది అరలు. మూడు అడుగుల ఎత్తులో చిన్న రాడ్డు పెడితే ఆరేళ్ళ బిడ్డ తన యూనిఫాం తనే తీసుకుంటుంది. చొక్కా, నిక్కరో స్కర్టో, సాక్సు కలిపి ఒక్కో రోజుకు ఒక్కో జతగా పెట్టండి.

అటక మీద స్వెట్టర్లు, అదనపు దుప్పట్లు, ఖాళీ సూట్‌కేసులు మాత్రమే. పై అంతస్తులో ఉండేవాళ్ళకు ఎండాకాలంలో శ్లాబు వేడి నేరుగా అటక మీదే పడుతుంది. పట్టు అక్కడ ఉండకూడదు.

8. ఏది వేలాడాలి, ఏది మడవాలి

వేలాడేవి: ఇస్త్రీ చొక్కాలు, ప్యాంట్లు, కుర్తాలు, ఇస్త్రీ చేసిన నూలు చీరలు, క్రేప్, జార్జెట్ చీరలు. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు తరచూ కట్టేవాళ్ళయితే హ్యాంగర్‌కే వేసుకోండి, గంజి మడతలు విరగకుండా ఉంటాయి.

మడవాల్సినవి: టీషర్టులు, స్వెట్టర్లు, లుంగీలు, తువ్వాళ్ళు, బరువైన జరీ చీరలు అన్నీ. అల్లిక బట్ట వేలాడితే సాగిపోతుంది. బరువు చీర వేలాడితే హ్యాంగర్ మీద పడే మడత దగ్గర పోగులు తెగుతాయి.

సంప్రదాయ గద్వాల చీరలో నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. దాన్ని నూలు చీరల్లో కలపకండి, పట్టు కిందే లెక్క.

ఇస్త్రీ కొట్టులో ఇచ్చే సన్నని ఇనప తీగ హ్యాంగర్లు తీసేయండి. భుజాల దగ్గర పొడుచుకొస్తాయి, తుప్పు మరక చేస్తాయి. ఇస్త్రీ మూట రాగానే బీరువాలో పెట్టేయకుండా గంటో రెండు గంటలో బయట ఆరనివ్వండి. వేడి ఇస్త్రీలో నీటి ఆవిరి ఇంకా ఉంటుంది.

9. పట్టు చీరలు, జాకెట్లు

దీనికి తొందర పనికిరాదు. కట్టి విడిచిన చీరను ఆ రాత్రే మడవకండి. నీడలో, ఫ్యాను గాలికి మూడు నాలుగు గంటలు ఆరేయండి. పసుపు, కుంకుమ, నూనె మరక ఉందేమో కొంగు దగ్గర, కుచ్చిళ్ళ దగ్గర, నడుము దగ్గర చూడండి. మరక ఉంటే బీరువాలోకి కాదు, డ్రై క్లీనింగ్‌కి. ఏడాది వదిలేసిన మరక ఇక పోనే పోదు.

తర్వాత వరస ఇది:

- ఫాల్ అంచు సరిచూసి, ఊడితే కుట్టించే కుప్పలో వేయండి
- జరీ లోపలికి వచ్చేలా మడవండి, ఒక చీర జరీ ఇంకో చీరకు రాసుకోకూడదు
- పోయినసారి మడత పడిన గీత నుంచి రెండు అంగుళాలు పక్కకు జరిపి మడవండి
- మడత మధ్య పలచని నూలు గుడ్డ పెట్టండి
- నూలు గుడ్డలో చుట్టి, పైన చీటీ పెట్టండి
- ఒక దొంతరలో అయిదు చీరలు మించొద్దు, బరువైనది అడుగున ఉండాలి

చుట్టడానికి కవర్లు కొనక్కర్లేదు. పాత నూలు పంచె ఒకటి గంజి లేకుండా ఉతికి కత్తిరిస్తే ఆరు చీరలకు సరిపోతుంది. ప్లాస్టిక్ కవరు, అది ఎంత ఖరీదైనదైనా, పట్టుకు పనికిరాదు. రబ్బరు బ్యాండ్ కూడా వద్దు. అందులోని గంధకం జరీలో ఉన్న వెండిని నల్లబరుస్తుంది.

చీటీ మీద ఇంత రాస్తే చాలు: "గద్వాల, ఆకుపచ్చ, ఎర్ర అంచు. జాకెట్ ఉంది, పట్టింది." తారీకు వేయడం మర్చిపోకండి, మళ్ళీ ఎప్పుడు మడత మార్చాలో దాన్నిబట్టే తెలుస్తుంది. ఫోనులో ఒక్కో చీరకు ఫొటో తీసి పెట్టుకుంటే పెళ్ళికి ఏది కట్టాలో వెతకడానికి దొంతర కదపక్కర్లేదు.

బాగా పాతబడి, మడత దగ్గర చిట్లుతున్న చీర ఉంటే మడవడమే మానండి. బట్టల కొట్లో తాను చుట్టే అట్ట గొట్టం అడిగి తెచ్చి, దానికి నూలు గుడ్డ చుట్టి, చీరను దాని మీద వదులుగా చుట్టండి.

జాకెట్లను చీరలో పెట్టాలా, విడిగానా? పట్టు చీరకు దాని జాకెట్ చీరతోనే ఉండాలి. రోజువారీ జాకెట్లు విడిగా సొరుగులో, రంగు వరసలో, నిలువుగా పుస్తకాల్లా పెడితే అన్నీ కనిపిస్తాయి. మగ్గం వర్క్ జాకెట్లను లోపలి వైపు బయటికి తిప్పి, మధ్యలో గుడ్డ పెట్టి పరిచినట్టు పెట్టండి. వాటి పూసలు పక్క జాకెట్ పోగులు లాగేస్తాయి. లంగాలు చుట్టలుగా చుట్టి ఒక బుట్టలో వేయండి. నాడా లోపలికి జారిపోకుండా రెండు కొసలూ కలిపి ముడేయండి.

10. డబ్బాలు, బుట్టలు

బట్టలు అరల్లో పెట్టాక వారం రోజులు వాడి చూడండి. ఏ అరలో దొంతర కూలుతోంది, ఏ వస్తువు కనబడక వెతుకుతున్నారు, అది గమనించండి. డబ్బా కావాల్సింది అక్కడే.

22 అంగుళాల లోతున్న అరలో చీరలు ముందు వెనక రెండు వరసలు పడతాయి, వెనక వరస కనబడదు. అక్కడ లాగి తీసే ట్రే పని చేస్తుంది. డబ్బా లోతు అర లోతు కన్నా ఒక అంగుళం, ఎత్తు రెండు అంగుళాలు తక్కువ ఉండాలి. చేయి దూరాలి కదా. పట్టుకైతే గాలి ఆడే గుడ్డ పెట్టెలు. ప్లాస్టిక్ డబ్బాలు చలికాలపు బట్టలకు ఉంచుకోండి, అవీ పూర్తిగా ఆరాకే.

11. పెట్టుబడి బట్టలు

పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో వచ్చిన చీరలు, పంచెల చాపులు, వాయినాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు మన సొంత బట్టల్లో కలిసిపోతే రెండూ దొరకవు. వీటికి ఒకే చోటు, ఇనప బీరువా కింది అర లాంటిది, ఇవ్వండి.

వచ్చిన రోజే చీటీ రాయండి: ఎవరు పెట్టారు, ఏ శుభకార్యానికి. ఎవరు పెట్టిన చీర తిరిగి వాళ్ళకే వెళ్తే ఎంత నొచ్చుకుంటారో చెప్పక్కర్లేదు. జాకెట్ ముక్కల్ని మీటరువి, 80 సెంటీమీటర్లవి వేరు చేసి కట్టలు కట్టండి. శ్రావణమాసం ముందు ఒకసారి లెక్క చూస్తే వరలక్ష్మీ వ్రతానికి కొత్తగా ఎన్ని కొనాలో తెలుస్తుంది. చాలాసార్లు ఏమీ కొనక్కర్లేదు.

12. ఒకసారి వేసి విడిచినవి

ఉతకాల్సినంత మాయని, బీరువాలో పెట్టలేని బట్టలు ప్రతి ఇంట్లో కుర్చీ మీద కుప్పగా పడతాయి. కుర్చీ తీసేస్తే మంచం మీదకు వస్తాయి. వాటికి చోటు లేకపోవడమే అసలు సమస్య.

తలుపు వెనక మనిషికి మూడు కొక్కేల చొప్పున పెట్టండి. మూడూ నిండితే ఒకటి ఉతుకుడు బుట్టలోకి వెళ్ళాలి. ఇంట్లో మగవాళ్ళకు కూడా ఈ లెక్క ముందే చెప్పండి. బీరువా సర్దిన మనిషికి మాత్రమే తెలిసిన ఏర్పాటు పది రోజులు కూడా నిలవదు.

13. తప్పు జరిగితే ఏం చేయాలి

బూజు వాసన వస్తోంది: అన్నీ బయటికి తీసి నీడలో గాలికి పెట్టండి. బీరువాను నాలుగో మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. సెంటు కొట్టి కప్పిపుచ్చకండి, అది జరీకి హాని.

పట్టు మీద బూజు కనిపించింది: తడి గుడ్డతో రుద్దకండి, లోపలికి పోతుంది. బయట నీడలో ఆరబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తని బ్రష్‌తో దులిపి, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి. బూజు అని అక్కడ చెప్పి ఇవ్వాలి.

జరీ నల్లబడింది: చింతపండు, నిమ్మకాయ, పేస్టు ఏదీ వద్దు. వెండి మీదున్న పలచని బంగారు పూత పోతుంది. పట్టు చీరల పని తెలిసినవాళ్ళకు చూపించండి.

దొంతర కూలిపోతోంది: బట్టలు ఎక్కువై కాదు, మడత వెడల్పులు వేరువేరుగా ఉండి. గట్టి అట్ట ఒకటి 10 అంగుళాల వెడల్పున కోసి, దాని మీదే అన్నీ మడవండి.

చెమ్మ పీల్చే డబ్బా పెట్టినా లాభం లేదు: తలుపు సరిగా మూసుకోకపోతే అది గదిలోని చెమ్మంతా పీలుస్తుంది. ఆ డబ్బాలో చేరే నీళ్ళు ఒలికితే బట్టకు మరక, అందుకే ఎప్పుడూ కింది అరలో, బట్టలు లేని మూలనే ఉంచండి.

14. కొత్తగా వడ్రంగి చేత చేయిస్తుంటే

పని మొదలుకాక ముందే ఇవి చెప్పండి, తర్వాత మార్చడం ఖర్చు:

- లోపలి లోతు 22 అంగుళాలు తగ్గొద్దు
- అరలు పైకీ కిందికీ మార్చుకునేలా పక్క చెక్కలకు చిల్లులు పెట్టాలి
- బాత్రూం గోడ వైపు వద్దు, తప్పకపోతే మెరైన్ ప్లై (నీటి చెమ్మకు తట్టుకునే ప్లైవుడ్) వేసి గోడకు అంగుళం ఎడం వదలాలి
- పొడుగు బట్టల రాడ్డు ఒక్క గడిలో చాలు, మిగతావి రెండు రాడ్లు ఒకదాని కింద ఒకటి
- కింద మూడు నాలుగు అంగుళాల పీఠం, ఇల్లు కడిగిన నీళ్ళు తగలకుండా

15. తలుపు లోపల అంటించాల్సిన చీటీ

దీన్ని పెద్ద అక్షరాలతో రాసి వార్డ్‌రోబ్ తలుపు లోపలి వైపు అంటించండి. చేసిన ప్రతిసారీ పక్కన తారీకు వేయండి.

- ప్రతి ఆదివారం 15 నిమిషాలు: కొక్కేలు ఖాళీ, కూలిన దొంతరలు సరిచేయడం, పిల్లల అయిదు జతలు
- నెలకోసారి: బాగుచేసే సంచి టైలర్ దగ్గరికి
- మూడు నాలుగు నెలలకోసారి: పట్టు చీరల మడత మార్చడం, నీడలో ఒక గంట గాలి
- మే ఆఖరులో: వానలు రాకముందే ప్లాస్టిక్ ముక్కతో చెమ్మ పరీక్ష, చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచులు కొత్తవి
- శ్రావణం ముందు: పెట్టుబడి బట్టల లెక్క
- దసరాకు ముందు: పట్టు జాకెట్లు ఒంటికి వేసి చూడడం, పట్టనివి పండగ రద్దీ మొదలుకాక ముందే టైలర్‌కి
- సంక్రాంతి అయ్యాక: ఏడు కుప్పలు మళ్ళీ, ఒక మనిషికి ఒక పూట